జెండా పండగకి ఇంటివాళ్ళెవరు, చుట్టాలెవరు?

గుంటూరులో ఎవరికి దారి చెప్పినా మధ్యలో ఎక్కడో జిన్నా టవర్ తగులుతుంది. "జిన్నా టవర్ సెంటర్లో దిగండి, అక్కణ్ణుంచి ఆటో మాట్లాడుకోండి" అంటాం. ఆ మాట అనేటప్పుడు మాకెవరికీ పాకిస్తాన్ గుర్తుకు రాదు. ఆరు స్తంభాలు, పైన గుమ్మటం, చుట్టూ ట్రాఫిక్. అంతే. స్వాతంత్ర్యానికి కొన్నేళ్ళ ముందు కట్టారు. ఎందుకు కట్టారన్నదానికి ఊళ్ళో రెండు కథలు తిరుగుతుంటాయి. లాల్‌జాన్ బాషా గారి కుటుంబ పెద్ద జిన్నాను సభకు పిలిస్తే ఆయన రాలేక లియాఖత్ అలీ ఖాన్‌ను పంపారని, దాని గుర్తుగా కట్టారని ఒకటి. నడింపల్లి నరసింహారావు, తెల్లాకుల జాలయ్య మునిసిపల్ చైర్మన్లుగా ఉన్న రోజుల్లో హిందూ ముస్లింల సఖ్యత కోసం కట్టించారని ఇంకొకటి. ఏది నిజమైనా ఆ టవర్ ఉన్న రోడ్డు పేరు మహాత్మాగాంధీ రోడ్డు. గాంధీ రోడ్డు మీద జిన్నా దశాబ్దాల పాటు నిలబడే ఉన్నాడు. ఆ సంగతి మీద ఊరు పెద్దగా నిద్ర పాడుచేసుకోలేదు.

2021 డిసెంబరు ఆఖర్లో పేరు మార్చాలన్న డిమాండు గట్టిగా లేచింది. అబ్దుల్ కలాం పేరు పెట్టండి, లేదా గుర్రం జాషువా పేరు పెట్టండి అన్నారు బీజేపీ నాయకులు. 2022 జనవరి 26న హిందూ వాహిని కార్యకర్తలు కొందరు జాతీయ జెండా పట్టుకుని టవర్ దగ్గర ఎగరేయడానికి వచ్చారు. పోలీసులు అడ్డుకుని స్టేషన్‌కు తీసుకెళ్ళారు. వారం తిరక్కుండా, ఫిబ్రవరి 1న, అప్పటి అధికార పార్టీ ఎమ్మెల్యే మహమ్మద్ ముస్తఫా దగ్గరుండి టవర్‌కి మూడు రంగులు వేయించారు. 3వ తేదీన అప్పటి హోంమంత్రి మేకతోటి సుచరిత వచ్చి అక్కడే జెండా ఎగరేశారు.

టీవీల్లో దీన్ని దేశభక్తులకీ కానివాళ్ళకీ గొడవలా చూపించారు. నాకు అప్పుడూ అలా అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. ఎందుకంటే జనవరి 26న వచ్చినవాళ్ళ చేతిలో ఉన్నదీ, ఫిబ్రవరి 3న హోంమంత్రి ఎగరేసిందీ ఒకటే జెండా. జెండా వద్దన్నవాళ్ళు ఈ కథలో ఒక్కరూ లేరు. మరి దేనికోసం ఆ టెన్షన్?

పెళ్ళి ఉదాహరణ చెబితే తేలిగ్గా ఉంటుంది. గుమ్మం దగ్గర పన్నీరు చల్లేవాళ్ళు ఇంటివాళ్ళు, చల్లించుకునేవాళ్ళు చుట్టాలు. ఇద్దరూ పట్టుబట్టలే కట్టుకుంటారు, ఒకే పంక్తిలో కూర్చుని ఒకే భోజనం చేస్తారు. చుట్టానికి మర్యాద ఇంకాస్త ఎక్కువే జరుగుతుంది కూడా. అయితే వడ్డన ఎప్పుడు మొదలెట్టాలో చుట్టం చెప్పలేడు. బహిరంగంగా జరిగే ప్రతి పండగలోనూ ఈ లెక్క ఉంటుంది. జాతీయ గుర్తింపు, జాతి భావన అని పెద్ద మాటల్లో మనం చర్చించేది చాలామటుకు ఈ లెక్క గురించే: ఈ దేశం ఇంట్లో పన్నీరు బుడ్డి ఎవరి చేతిలో ఉంది? జిన్నా టవర్ దగ్గర జరిగింది కూడా అదే. ఒక పక్షం "ఇంటివాళ్ళం మేము" అంటూ వచ్చింది. ముస్తఫా గారు రంగులు వేయించి "మేమూ ఇంటివాళ్ళమే, ఇదిగో" అన్నారు. పేరు మార్చమన్నప్పుడు వినిపించిన రెండు పేర్లు చూడండి, ఒకరు ముస్లిం, ఒకరు దళిత కవి. ఎవరిని ఇంటివాళ్ళుగా చూపించాలన్న ఆలోచన అందులోనూ ఉంది.

ఈ గొడవ కొత్తదేం కాదు. జెండా పుట్టినప్పుడే పుట్టింది, అదీ ఇక్కడికి ముప్పై కిలోమీటర్ల అవతల.

బెజవాడ కథ అందరికీ తెలిసిందే అనుకుంటాం. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అక్కడ అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైంది, పింగళి వెంకయ్య గారు జెండా గీసి ఇచ్చారు, గాంధీజీ మెచ్చుకున్నారు. స్కూల్లో మాకు చెప్పింది ఇంతే. కానీ ఆ తర్వాత రెండు వారాలకే గాంధీజీ తన యంగ్ ఇండియా పత్రికలో రాసింది చూస్తే కథ ఇంకాస్త రుచిగా ఉంటుంది. వెంకయ్య గారు అప్పటికి బందరు జాతీయ కళాశాలలో ఉన్నారు. ఏళ్ళ తరబడి జెండా పిచ్చి ఆయనకి. 1916లోనే రకరకాల నమూనాలతో పుస్తకం అచ్చు వేయించారు. జెండా మీద రాట్నం ఉండాలన్నది జలంధర్‌కి చెందిన లాలా హంసరాజ్ సూచన. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం వేసి ఇమ్మని గాంధీజీ అడిగితే వెంకయ్య గారు మూడు గంటల్లో తయారుచేసి తెచ్చారు. అయినా కమిటీ ముందు పెట్టడానికి కొంచెం ఆలస్యమైంది. అలా ఆలస్యం కావడమే మంచిదైందని గాంధీజీ రాశారు. తీరిగ్గా ఆలోచిస్తే మిగతా మతాలవాళ్ళకీ చోటుండాలని తోచిందట. అలా తెలుపు వచ్చి చేరింది.

అంటే బెజవాడలో ఆమోదం ఏదీ జరగలేదు. జరిగింది ఇంకా పెద్ద విషయం. ఎరుపు హిందువులది, ఆకుపచ్చ ముస్లింలది, తెలుపు మిగతా అందరిదీ. ఇది జెండా కంటే ముందు ఒక పిలుపుల జాబితా. పెళ్ళి పిలుపుల్లో కూడా ముందు దగ్గరివాళ్ళ పేర్లు రాసుకుని, చివర్న ఎవరో గుర్తు చేస్తే "అయ్యో, వాళ్ళు కూడా" అని రాస్తాం కదా, తెలుపు అలా వచ్చింది. గాంధీజీ ఆ తెలుపును అన్నిటికంటే పైన పెట్టమన్నారు, తక్కువమంది ఉన్నవాళ్ళకి ముందు వరస అని. ఎరుపు అడుగున ఉండేది. ఇంటివాళ్ళు ఆఖరి పంక్తిలో కూర్చోవడం మన పద్ధతే కాబట్టి ఆ క్రమం నాకు నచ్చుతుంది. సిక్కులకి మాత్రం నచ్చలేదు. "మిగతా అందరి"లో మేమెందుకుండాలి, మాకంటూ ఒక రంగు ఉండాలి అన్నారు.

ఆ రగడ తేల్చడానికి 1931లో ఏడుగురితో కమిటీ వేశారు. నెహ్రూ, పటేల్, ఆజాద్, తారాసింగ్ అందులో సభ్యులు. దానికి కన్వీనర్ బందరు డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య. చూడండి, జెండా గీసిందీ కృష్ణా జిల్లావారే, ఆ జెండా మీద వచ్చిన తగవు తీర్చడానికి కూర్చున్నదీ కృష్ణా జిల్లావారే. ఆ కమిటీ అసలు మూడు రంగులే వద్దంది. మొత్తం ఒకటే కేసరి రంగు, మూలన రాట్నం చాలంది. ఆ ఆగస్టులో కాంగ్రెస్ కమిటీ దాన్ని పక్కనపెట్టి కేసరి, తెలుపు, ఆకుపచ్చ ఖాయం చేసింది. రంగులకి మతాలతో సంబంధం లేదని, కేసరి ధైర్యానికీ త్యాగానికీ, తెలుపు శాంతికీ సత్యానికీ గుర్తులని తీర్మానంలోనే రాసుకున్నారు. 1947 జూలై 22న రాజ్యాంగ సభ రాట్నం బదులు అశోక చక్రం పెట్టి అదే జెండాను ఆమోదించింది. అయితే తీర్మానం ఒకసారి రాస్తే జనం బుర్రలో ఉన్నది చెరిగిపోదు. 1931లో మార్చిన అర్థాన్ని వదిలేసి మా సోషల్ మాస్టారు మాకు 1921 నాటి అర్థమే చెప్పారు, మేమూ పరీక్షలో అదే రాశాం, మార్కులూ వేశారు.

బెజవాడలో ఇంకో వింత ఉంది. బందరు రోడ్డు మీద ఇప్పుడు బాపు మ్యూజియం అంటున్న భవనం అసలు పేరు విక్టోరియా జూబిలీ హాలు. 1887లో విక్టోరియా రాణి గద్దెనెక్కి యాభై ఏళ్ళు నిండిన సంబరం కోసం మొదలుపెట్టింది. అదీ పండగే. లండన్ నుంచి బెజవాడ దాకా ఒకే రాణికి బిడ్డలం అనిపించడానికి చేసిన పండగ. ఆ రాణి పేరున్న హాలుతోనే 1921 నాటి జెండా జ్ఞాపకం ముడిపడింది, ఇప్పుడు దాని మీద ఉన్న పేరు బాపు, అదీ గాంధీజీ కాదు, చిత్రకారుడు బాపు. సామ్రాజ్యానికి పండగలతో పని ఉందని తెల్లవాళ్ళకి మనకంటే ముందే తెలుసు.

అది పుణెలో బాలగంగాధర తిలక్‌కీ తెలుసు. వినాయక చవితి అంతకుముందు కూడా ఉన్నదే, ఎక్కువగా ఇళ్ళల్లో చేసుకునేది. 1893లో తిలక్ దాన్ని వీధిలోకి తెచ్చే ఉద్యమానికి ఊపిచ్చారు. 1858 ప్రకటనలో మతాల జోలికి రామని విక్టోరియా రాణి మాటిచ్చింది కాబట్టి, రాజకీయ సభ మీద పడినంత తేలిగ్గా దేవుడి ఊరేగింపు మీద సర్కారు చెయ్యి వేయలేదు. ఆ సందులోంచి స్వరాజ్యం మాట జనంలోకి వెళ్ళింది. మనకి చెప్పే కథ ఇక్కడితో ఆగుతుంది. రెండో సగం ఏమిటంటే, 1893 ఆగస్టులో బొంబాయిలో హిందూ ముస్లిం అల్లర్లు జరిగాయి. అప్పటిదాకా పుణెలో హిందువులు మొహర్రం తాబూతుల ఊరేగింపుల్లో కలిసి ఆడేవారు, పాడేవారు. 1894 నుంచి గణపతి మేళాల్లో తాబూతుల వైపు పోవద్దని చెప్పే పాటలు కూడా వినిపించాయి. ఒకే పండగ తెల్లదొరల ముందు "మనం" అనే మాటను పెద్దది చేసింది, వీధిలో అదే మాటను చిన్నది చేసింది. ఈ రెండూ ఒకేసారి జరిగాయి. తిలక్‌ను పొగిడేవాళ్ళు మొదటిది చెబుతారు, తిట్టేవాళ్ళు రెండోది చెబుతారు. రెండూ కలిపి పట్టుకుంటే తప్ప మన చవితి పందిళ్ళు అర్థం కావు.

మా వీధి పందిరి సంగతి చెబుతాను. చవితికి మూడు వారాల ముందు కుర్రాళ్ళు రసీదు పుస్తకం పట్టుకుని బయల్దేరతారు. ఓ ఏడాది వాళ్ళు మా ఇంట్లో రాయించుకుని, పక్కన ముస్లిం పెద్దాయన ఇల్లు వదిలేసి, ఆ పైనింటి గేటు కొట్టారు. తప్పు ఉద్దేశమేం లేదు. "ఆయన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకులే అంకుల్" అన్నాడు వాళ్ళల్లో పెద్దవాడు. ఆ పెద్దాయన గుమ్మంలో కుర్చీ వేసుకుని అంతా చూస్తూనే ఉన్నారు. కుర్రాళ్ళు తిరిగి వస్తుంటే పిలిచారు. "ఏం నాయనా, నా ఇల్లు ఈ వీధిలో లేదా?" అని జేబులోంచి రెండొందలు తీశారు. కుర్రాడు కంగారుగా "అదేం లేదు భాయ్ గారూ" అంటూ రసీదు రాశాడు. అడక్కపోవడం వాళ్ళ దృష్టిలో మర్యాద. నిజమే, చుట్టానికి చేసే మర్యాద అది. ఆయనకి కావలసింది చందా ఇమ్మని నిలదీసే హక్కు ఎదుటివాడికి ఉండడం, ఇవ్వనని దెబ్బలాడే హక్కు తనకుండడం.

లడ్డూ వేలం గురించి కూడా ఒక మాట. హైదరాబాద్ బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలతో మొదలైన ఆచారం అది. 2024లో అక్కడ లడ్డూ 30 లక్షలు దాటింది. ఇప్పుడు గుంటూరు సందుల్లోనూ లడ్డూ పాడని పందిరి అరుదు. ఎక్కడైనా ముస్లిం పాడుకుంటే పేపర్లో ఫొటోతో వస్తుంది, మతసామరస్యం అని హెడ్డింగు పెడతారు. మంచి ఉద్దేశంతో వేసే వార్తే. కానీ రియల్ ఎస్టేట్ ఆయన పాడుకుంటే ఆ హెడ్డింగు ఉండదు కదా. ఎవరు వస్తే వార్తవుతుందో వాళ్ళు ఇంకా చుట్టాలే అన్నమాట.

దీనికి పూర్తిగా తిరగేసిన పండగ విజయవాడలోనే ఉంది. ప్రతి ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మాత ఉత్సవాలు జరుగుతాయి. లక్షల జనంలో హిందువులు లెక్కలేనంతమంది ఉంటారు. తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు, ఇంద్రకీలాద్రి మీద అమ్మవారికి ఎలా మొక్కుతారో అలానే. ఎవరూ ఫొటో తీసి సామరస్యం అని రాయరు. పల్లెటూళ్ళ పీర్ల పండగ కూడా ఇలాంటిదే. పీరు ఎత్తేవాడు ఏ మతమో అడిగే అలవాటు ఉండేది కాదు. ఈ పండగలు దేశం గురించి ఏమీ మాట్లాడవు. బహుశా అందుకే అక్కడ ఆ లెక్క తేల్చుకోవాల్సిన అవసరం కూడా రాలేదు. ఒక పండగకి "ఇది మన జాతి పండగ" అని బోర్డు తగిలించిన రోజు నుంచే, ఎవరు ఏ గుమ్మం లోంచి రావాలన్న ప్రశ్న మొదలవుతుంది.

ఇక సర్కారు వారి పండగలు. రిపబ్లిక్ డే తేదీ ఎలా వచ్చిందో చూడండి. రాజ్యాంగం ఆమోదం పొందింది 1949 నవంబరు 26న. అమలుకి రెండు నెలలు ఆగి జనవరి 26 పెట్టుకున్నారు. కారణం, 1930లో అదే తేదీన కాంగ్రెస్ పూర్ణ స్వరాజ్య దినం జరిపింది. అప్పట్నుంచి 1947 దాకా ఊరూరా స్వాతంత్ర్య దినమంటే జనవరి 26. తీరా స్వాతంత్ర్యం ఆగస్టులో వచ్చేసరికి పాత పండగ పనిలేక మిగిలిపోయింది. దాన్ని వృథా పోనీయకుండా గణతంత్రానికి వాడుకున్నారు. 2015 నుంచి నవంబరు 26 కూడా రాజ్యాంగ దినం అయింది. ఇప్పుడు ఒక రాజ్యాంగానికి రెండు పండగలు.

ఢిల్లీ కవాతులో రాష్ట్రాల శకటాలు మనకి ముచ్చట. 2023లో మన రాష్ట్రం కోనసీమ ప్రభల తీర్థాన్ని పంపింది. కనుమ రోజు జగ్గన్నతోటకి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పదకొండు రుద్రుల ప్రభలు వస్తాయి. వరిచేలల్లోంచి, కౌశిక పాయలోంచి, భుజాల మీద మోసుకొస్తారు. కర్తవ్య పథ్ మీద అది చూసి మా ఇంట్లో కూడా చప్పట్లు కొట్టాం. కానీ మా గుంటూరు వైపువాళ్ళకి ప్రభ అంటే కోటప్పకొండ. శివరాత్రికి నరసరావుపేట చుట్టుపక్కల ఊళ్ళు ఎవరికి వాళ్ళు ఆకాశమంత ప్రభలు కట్టి కరెంటు దీపాలతో తీసుకొస్తారు. వాటి మీద కోటయ్య స్వామితో పాటు ఏ పార్టీ ఊరైతే ఆ నాయకుడు, ఏ హీరో ఫ్యాన్స్ అయితే ఆ హీరో. ఒక పక్క జనరేటర్ మోత, ఒక పక్క రాత్రంతా పాటల కచేరీ. మా ప్రభ ఎత్తా మీ ప్రభ ఎత్తా అని పంతాలు. అది ఢిల్లీకి వెళ్ళదు. వెళ్ళాలంటే స్నానం చేయించి, తల దువ్వి, ఫ్లెక్సీలు పీకి పంపాలి.

ఎవర్ని పంపాలో తేల్చేది రక్షణ శాఖ వేసే నిపుణుల కమిటీ. 2022లో పశ్చిమ బెంగాల్ నేతాజీ శకటం, కేరళ నారాయణ గురు శకటం, తమిళనాడు స్వాతంత్ర్య యోధుల శకటం ఎంపిక కాలేదు. పద్ధతి ప్రకారమే జరిగిందని కేంద్రం అంది. తమిళనాడు ఆ శకటాన్ని చెన్నైలో తన రిపబ్లిక్ డే ఊరేగింపులో తిప్పింది. "మీ ఇంటికి పిలవకపోతే మా ఇంట్లోనే చేసుకుంటాం" అనడం అన్నమాట.

ఆగస్టు 15ని మా చిన్నప్పుడు జెండా పండగ అనే వాళ్ళం. ఇస్త్రీ చొక్కా, పిన్నుతో గుచ్చుకున్న కాగితం జెండా, ఆఖర్న రెండు పిప్పరమెంట్లు. పండగ స్కూలుది, మనం వెళ్ళి వచ్చేవాళ్ళం. ఇంటి మీద జెండా కట్టుకునే వీలు మామూలు మనిషికి ఏడాది పొడవునా ఉండేది కాదు. 2002లో కొత్త ఫ్లాగ్ కోడ్ వచ్చింది, జెండా ఎగరేయడం పౌరుడి హక్కేనని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. 2021 డిసెంబరులో మెషీన్ మీద చేసిన పాలియెస్టర్ జెండాలకు అనుమతి ఇచ్చారు, 2022 జూలైలో రాత్రిపూట కూడా ఉంచవచ్చన్నారు. ఆ ఆగస్టులో మూడు రోజులు ఇంటింటా జెండా కట్టమంటూ హర్ ఘర్ తిరంగా వచ్చింది. పోస్టాఫీసులో 25 రూపాయలకి జెండా అమ్మారు. వెంకయ్య గారి జెండా మధ్యలో రాట్నం ఉండేది, ఈ జెండా రాట్నం మొహం చూడలేదు. ఖద్దరు జెండాలు కుట్టే హుబ్లీవాళ్ళు నిరసన తెలిపితే ఎంతమందికి వినిపించిందో.

పండగ స్కూలు నుంచి ఇంటి గుమ్మానికి వచ్చింది, అది మంచిదే. నేనూ కొని కట్టాను. కాకపోతే జెండా కట్టని ఇల్లు అప్పటిదాకా కంటికి ఆనేది కాదు, ఆ మూడు రోజులు ఆనింది. ఎందుకు కట్టలేదని ఎవరూ అడగనక్కర్లేదు. అడుగుతారేమోనని కొందరు ముందే రెండు కట్టారు. ఇంటివాడినని రుజువు చూపించాల్సిన అవసరం అందరికీ సమానంగా ఉండదు.

మన రాష్ట్రం పుట్టినరోజు తలనొప్పి వేరే. మేం పెరిగింది నవంబరు 1తో. 1956లో తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ అయిన రోజు. పొట్టి శ్రీరాములు గారు 1952 డిసెంబరు 15న ప్రాణం ఇచ్చి సాధించింది 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా వచ్చిన ఆంధ్ర రాష్ట్రం. దానికి హైకోర్టు 1954లో మా గుంటూరులోనే పెట్టారు. 2014 జూన్ 2న తెలంగాణ వెళ్ళిపోయింది. వాళ్ళకి జూన్ 2 సంబరం. మనకి? అప్పటి తెలుగుదేశం ప్రభుత్వం ఆ రోజున నవ నిర్మాణ దీక్ష అంది. విజయవాడ బెంజ్ సర్కిల్‌లో జనం చెయ్యి చాపి ప్రతిజ్ఞ చేశారు. పుట్టినరోజు నాడు కేకు లేదు, దీక్ష ఉంది. 2019లో ప్రభుత్వం మారింది, నవంబరు 1 తిరిగొచ్చింది. విడిపోయిన అన్నదమ్ముడు కలిసిన రోజునే పుట్టినరోజు చేసుకోవడం ఏమిటని కొందరు, అక్టోబరు 1 కావాలని ఇంకొందరు. సంతోషం మీద తేదీ కట్టాలా, నష్టం మీద కట్టాలా, త్యాగం మీద కట్టాలా అన్నది మనం ఇంకా తేల్చుకోలేదు. నన్నడిగితే అక్టోబరు 1కే ఓటు వేస్తాను, కానీ ఇంట్లోనే నాకు మెజారిటీ లేదు.

తెలంగాణ వాళ్ళు మనకంటే స్పష్టంగా ఉన్నారనుకుంటే సెప్టెంబరు 17 చూడండి. 1948లో నిజాం లొంగిపోయిన రోజు. 2022లో పరేడ్ గ్రౌండ్స్‌లో కేంద్రం దాన్ని విమోచన దినం అంది, అదే రోజు రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అంది. 2024లో కొత్త ప్రభుత్వం ప్రజా పాలన దినోత్సవం అంది. అదే తేదీ, అదే జెండా, పిలుపు కార్డు మీద మూడు పేర్లు.

పిలుపు ఎప్పటికీ రానివాళ్ళు ఏం చేశారన్నది ఈ మొత్తం కథలో నాకు ముఖ్యంగా కనిపించే భాగం. అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపేశారు. సినిమా హాల్లో కాలు తగిలిందన్న దగ్గర మొదలైన తగవు ఊరు వెలివేత దాకా వెళ్ళి అక్కడికి చేరింది. చనిపోయినవాళ్ళని పూడ్చిన చోటుని రక్తక్షేత్రం అంటారు. ఏటా ఆగస్టు 6న అక్కడికి జనం వస్తారు. తొమ్మిది రోజుల తర్వాత అదే ఊళ్ళో జెండా పండగ. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు కొట్టేసింది. అలాంటి ఊళ్ళో ఆగస్టు 15 ఎలా వినిపిస్తుందో బయటి నుంచి మనం ఊహించుకోవడమే.

దళితుల మీద అలాంటి దాడే జరిగిన కారంచేడు, ఈ చుండూరుల తర్వాతి తరంలో ఏప్రిల్ 14, అంబేడ్కర్ జయంతి, మా వైపు ఊళ్ళల్లో అసలుసిసలు పండగ అయింది. నీలం జెండాలు, బైక్ ర్యాలీ, డప్పులు, నిచ్చెన వేసుకుని ఎక్కి వేసే గజమాల, సాయంత్రం భోజనాలు. గమనించాల్సిందేమిటంటే విగ్రహం చేతిలో ఉన్నది కత్తీ కాదు, శంఖమూ కాదు, రాజ్యాంగం పుస్తకం. దేశం ఇల్లు కట్టినవాడు మావాడు, పట్టా మా దగ్గర ఉంది అని చెప్పడం అది. జాతీయ గుర్తింపుకి ఎదురు తిరగడం అనుకుంటే పొరపాటు. ఏప్రిల్ 5న జగ్జీవన్ రామ్ జయంతి, 11న ఫూలే జయంతి కలుపుకుంటే పది రోజుల ఉత్సవం. ఆ ఇంట్లో కూడా అన్నదమ్ముల లెక్కలు ఉన్నాయి. మాల పల్లెలో ఏ విగ్రహం, మాదిగ పల్లెలో ఏ విగ్రహం అన్నది 1994లో ఈదుముడిలో మాదిగ దండోరా ఉద్యమం మొదలైనప్పటి నుంచి నడుస్తున్న చర్చే.

2024 జనవరి 19న విజయవాడ స్వరాజ్య మైదానంలో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం లేచింది, పీఠంతో కలిపి 206 అడుగులు. ఏళ్ళ తరబడి జనవరిలో పుస్తకాల పండగ జరిగింది ఆ గ్రౌండులోనే. ఆ మైదానం పోయిందని బాధపడ్డ పుస్తకప్రియుల్లో నేనూ ఒకణ్ణి. విగ్రహం చూడ్డానికి వెళ్ళినప్పుడు మా పక్కనే పల్లె నుంచి ఆటో కట్టించుకుని వచ్చిన కుటుంబం ఒకటి నిలబడి ఉంది. నాయనమ్మ చెప్పులు విప్పి చేతిలో పట్టుకుంది. మనవడు "ఇది గుడి కాదు నాయనమ్మా, వేసుకో" అంటున్నాడు. ఆవిడ వేసుకోలేదు. పుస్తకాల గురించి నా బాధ నాకు అప్పుడూ పోలేదు గానీ, పైకి అనబుద్ధి కాలేదు.

మా అపార్ట్‌మెంట్ సంగతి చెప్పి ఆపుతాను. ఇరవై నాలుగు ఫ్లాట్లు. ఆగస్టు 15కి వాచ్‌మన్ తెల్లవారుజామున లేచి జెండాలో బంతిరేకులు పెట్టి ముడి వేస్తాడు. తాడు లాగేది అసోసియేషన్ ప్రెసిడెంటు. రెండేళ్ళ క్రితం ముడి బిగుసుకుపోయింది. ఆయన మూడుసార్లు లాగాడు, నాలుగోసారి లాగితే కర్ర వంగింది. చివరికి వాచ్‌మన్ స్టూలెక్కి వేలితో ముడి సడలిస్తే రేకులు మొత్తం అతని నెత్తిన పడ్డాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత మీటింగులో, ఏటా ప్రెసిడెంటే ఎందుకు, ఒక్కో ఏడు ఒక్కో ఫ్లాటువాళ్ళు ఎగరేయాలని ఎవరో అన్నారు. అందరూ బాగుందన్నారు. జాబితా రాయడం మొదలుపెట్టారు. ఓనర్ల పేర్లు రాశారు, పదిహేను వచ్చాయి. మేం అద్దెకుంటున్నాం. నేను చెయ్యెత్తి మిగతా తొమ్మిది ఫ్లాట్ల సంగతి అడిగాను. సెక్రటరీ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "మీరెప్పుడు ఖాళీ చేస్తారో మాకెలా తెలుస్తుందండీ" అన్నారు. వాచ్‌మన్ పేరు కూడా రాయాలంది మూడో ఫ్లోర్ టీచరు గారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మోటారు రిపేరు ఖర్చు కూడా తేల్చాల్సి ఉండటంతో రెండు విషయాలూ వచ్చే మీటింగుకి వాయిదా వేశారు.